ఐదో స్లాబు మీది ఎండ

పొద్దున లేచి ముఖం కడుక్కోగానే మిద్దె ఎక్కడం నా మొదటి పనిగా ఉండేది. కింద వాకిట్లో మా అత్త కదిరమ్మ కళ్లాపి చల్లుతూ ఉండేది. ఆమె చెంబు బోర్లించేలోపు నేను పైనుంచి జవాబు చెప్పాలి. తల ఎత్తకుండానే అడిగేది.

"మే చంద్రికా, వచ్చినాడా?"

వచ్చినాడా అంటే సూర్యుడు.

"వచ్చినాడత్తా. శ్రీరంగప్పన్న కళ్లం మీద నిలబడుకోని ఉండాడు."

"ఎట్లుండాడు?"

"ఎర్రగా ఉండాడు." లేకుంటే, "దుప్పటి కప్పుకోని ఉండాడు."

ఎర్రగా ఉన్నాడంటే ఆమె పొయ్యి రాజేసేది, పిండి ఉడికేది, మిద్దె మీద సండిగలు, అంటే పిండి వడియాలు, పడేవి. దుప్పటి కప్పుకున్నాడంటే ఆ పూట పిండితో దోసెలు పోసుకునేవాళ్లం. మా పెండ్లి అయిన కొత్తలో మొదలైన ఈ మాటలు మా పిల్లలు పెద్దవాళ్లయ్యేదాకా ఒక్క తీరుగా నడిచాయి.

ఇప్పుడు పొద్దున మిద్దె ఎక్కే పని లేదు. ఎక్కినా కనపడేది ఐదంతస్తుల అపార్టుమెంటు వెనక గోడ, దాని మీద పాకిన పైపులు, బాల్కనీల్లో ఆరేసిన బట్టలు. సూర్యుడు దాన్ని దాటి మా మిద్దె మీదికి వచ్చేసరికి మా ఆయన ఆదెన్న ఆటో తీసుకుని అనంతపురం పోయి, రైల్వే స్టేషను నుంచి కాలేజీల దాకా ఒక చుట్టు తిరిగి ఉంటాడు. వాకిట్లో అడిగే మనిషి కూడా లేదు. పోయిన వానాకాలంలో మా అత్త వెళ్లిపోయింది.

ఆమె ఊరికి పెద్ద చేసిందేమీ లేదు. సండిగలు పెట్టింది, అంతే. కానీ మా బుక్కరాయసముద్రంలో ఆ వీధిని తలుచుకుంటే నాకు ముందు ఆమే కనపడుతుంది. మోకాళ్ల దాకా చీర ఎగజెక్కుకుని, తడి గుడ్డ మీద వంగి, గరిటెతో పిండి జారవిడుస్తూ. ఆ గుండ్రం ఒక్కటీ వంకర పోయేది కాదు. వంకర పోతే తనే తిట్టుకునేది, "కన్ను యాడ పెట్టుకున్నావే ముసలిదానా" అని.

ఆమెది బత్తలపల్లె దిక్కు ఒక చిన్న పల్లె. మా మామ ఇక్కడ నూనె మిల్లులో పని చేసేవాడు. మా ఆయన బడికి పోయే వయసులో ఉండగా మామ జ్వరం వచ్చి పోయాడు. కొన్నాళ్లు ఆమె శనక్కాయలు ఒలిచే కూలికి పోయింది. వరసగా వానలు ముఖం చాటేసి శనక్కాయ పంటే లేకుండా పోయినప్పుడు ఆ కూలీ పోయింది. ఒక పెండ్లి ఇంటివాళ్లు సండిగలు పెట్టడానికి మనిషి కావాలంటే పోయిందట. వాన లేని ఊళ్లో ఎండకేం తక్కువ అనుకుందో ఏమో, అదే పట్టుకుంది. బియ్యపు సండిగలు, సగ్గుబియ్యం సండిగలు, బూడిదగుమ్మడి వడియాలు. అనంతపురంలో పెండ్లి పెట్టుకున్నవాళ్లు ముహూర్తం కుదరగానే మా ఇంటికి ఒక మనిషిని పంపేవాళ్లు. మా ఆయన చదువు, ఈ స్లాబు వేసిన ఇల్లు, నా కాన్పులు, అన్నీ ఆ ఎండలోనే ఆరి లేచాయి.

సండిగలకు పొద్దుటి ఎండ కావాలి. మధ్యాహ్నం అయితే మా దిక్కు గాలి లేస్తుంది, గాలితో ఎర్రదుమ్ము లేస్తుంది. ఆలోపు పైన చర్మం కట్టాలి. కట్టిందంటే ఇక దుమ్ము అంటదు. మరునాడు గుడ్డ తిరగేసి వెనక నీళ్లు చిలకరిస్తే ఒక్కొక్కటే వలిచినట్టు లేచి వస్తాయి. పొద్దుటి ఎండ తప్పిందంటే దుమ్ము తాగిన సండిగ నూనెలో వేస్తే నల్ల చుక్కలు పడుతుంది, పంటి కింద కరకరకు బదులు ఇసుక.

మా వీధిలో ఇండ్లన్నీ గోడకు గోడ ఆనుకుని ఉండేవి. మిద్దెలకు మధ్య అడ్డం లేదు. ఈ కొన నుంచి ఆ కొనకు మిద్దెల మీదే నడిచి పోవచ్చు. శ్రీరంగప్పన్న వాళ్ల శనక్కాయలు మా మిద్దె మీద ఎండేవి. మా గుమ్మడి వడియాలు జాకబన్న మిద్దె మీద ఎండేవి. జాకబన్న భార్య సువార్త చింతపండు ఎక్కడ ఎండ బాగుంటే అక్కడ ఉండేది. నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు, మా మిద్దె చాలక, సువార్తక్క ఇంటికి పోయి, "అక్కా, మీ మిద్దె మీద కొంచెం పెట్టుకుంటాం" అని అడిగాను. ఆమె పడీ పడీ నవ్వింది.

"యేం పాపా, ఎండకు బాడిగ ఇస్తావా? ఓ కదిరమ్మక్కా, నీ కోడలు ఎండను అడగను వచ్చినాదమ్మో!"

వాన చినుకు పడితే ఎవరు ముందు చూస్తే వాళ్లు అందరివీ ఎత్తి లోపల పెట్టేవాళ్లు. ఎవరి గంప ఎవరింట్లో ఉందో సాయంత్రం వెతుక్కునేవాళ్లం. ఎండాకాలం పడకలు కూడా అక్కడే. ఒకరి పిల్లలు ఒకరి చాపల మీద నిద్రపోయేవాళ్లు.

మా ఇంటికి తూర్పున శ్రీరంగప్పన్న శనక్కాయల కళ్లం ఉండేది. పంట లేక అది ఊరికే పడి ఉండేది. దాన్ని ఆయన అనంతపురం నుంచి వచ్చిన ఉదయ్ కుమార్ అనే బిల్డరుకు అమ్మేశాడు. ఒక పొద్దున చూస్తే అక్కడ పెద్ద బోర్డు. బోర్డు మీద ఐదంతస్తుల బిల్డింగు, నీలం అద్దాలు, చుట్టూ పచ్చని చెట్లు. మా వీధి మొత్తం దాని ముందు చేరింది.

"నేలకు కరువొచ్చిందా అప్పా మనకు?" అన్నాడు మా ఆయన. "అనంతపురం జిల్లాలో వాన లేదు గాని నేల ఎంత కావాలంటే అంత ఉండాది. యాల పైకి పోతాండారు వీళ్లు?"

శ్రీరంగప్పన్న తువ్వాలు దులిపాడు. "నువ్వు ఆటోలో అడ్డంగా పోతావు, వాళ్లు లిఫ్టులో నిలువుగా పోతారు. నీకేం నొప్పి ఆదెన్నా?"

"నీకేంలే అన్నా, దుడ్లు తీసుకున్నావు," అంది సువార్తక్క. "మేము దొడ్లో నీళ్లు పోసుకునేది పైనుంచి కనపడదా?"

"రేకులు కప్పుకుందాం లేవే," అన్నాడు జాకబన్న. ఆయన బేల్దారి పనికి పోయేవాడు. "ఐదు స్లాబులంటే ఎంత పని! ఇంటి ముందర పని పెట్టుకోని ధర్మవరం పోతాండా నేను."

"బోర్లు పోతాయప్పా. వాళ్లు పాతాళం దాకా దింపుతారు. మన బోర్లలో గాలి వస్తాది," అన్నారెవరో వెనకనుంచి.

"ఇప్పుడు మాత్రం ఏమి, పన్నీరు వస్తాండాదా?"

నవ్వులు. ఆ నవ్వుల మధ్యలో సువార్తక్కే అంది, "అది కాదబ్బా. కదిరమ్మక్క ఎండ పోతాది."

అంతవరకు బిల్డింగు వైపు మాట్లాడినవాళ్లు కూడా మా అత్త వైపు చూశారు. ఆమె బోర్డు వైపే చూస్తోంది. వేలితో గాలిలో అంతస్తులు లెక్కపెట్టుకుంది. తూర్పు దిక్కు చూసి మా మిద్దె చూసింది. ఇంట్లోకి వచ్చేసింది. ఆ పూట అన్నం తినలేదు.

మరుసటి వారం ఇసుక లారీ వచ్చింది. లారీ కళ్లంలోకి పోవాలంటే మా వీధిలోంచే పోవాలి. మా ఆయన ఆటోను వీధికి అడ్డంగా పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని, అరుగు మీద కూర్చున్నాడు. వెనక మిగతా వాళ్లు రాళ్లు పెట్టారు. లారీ డ్రైవరు తిట్టాడు. మావాళ్లూ తిట్టారు. మధ్యాహ్నానికి ఉదయ్ కుమారే వచ్చాడు. పిల్లవాడే, మా పెద్దబ్బాయి కంటే కొంచెం పెద్దవాడేమో. ఎవరితో మాట్లాడాలని అడిగితే అందరూ మా ఇల్లు చూపించారు.

ఇంటికొచ్చిన మనిషి కదా, మా అత్త సండిగలు వేయించి పెట్టింది. తింటూ అడిగాడు.

"చెప్పవ్వా, నీకేం కావాల?"

"నాకు ఎండ కావాల నాయనా."

అతను నవ్వలేదు. లేచి మా మిద్దె ఎక్కి తూర్పు వైపు చూశాడు. దిగి వచ్చి, "అవ్వా, మా టెర్రస్ మీద ఉండేంత ఎండ ఈ ఊర్లో యాడా ఉండదు. ఐదో స్లాబు మీద పెట్టుకో. అదంతా నీదే అనుకో. ఎవరొద్దంటారు?" అన్నాడు.

మా అత్త ముఖం విచ్చుకోవడం నేను చూశాను. అతను పోయాక మా ఆయన అన్నాడు, "రాసిమ్మందామా అమ్మా?"

"మిద్దె మీద ఎండకు రాత యేందిరా! ఇన్నేండ్లు జాకబు రాసిచ్చినాడా? శ్రీరంగప్ప రాసిచ్చినాడా?"

"వాళ్లు వేరేమ్మా. వాళ్లు మనోళ్లు."

"ఈడికొచ్చి ఉండేటోళ్లూ మనోళ్లే అవుతారు. ఆటో తీయి. ఎండ పైకి పోతే మనమూ పైకి పోదాం."

ఆటో తీశాడు. లారీ లోపలికి పోయింది. అట్లా మా వీధి ఒప్పుకుంది. ఒప్పుకున్నది బిల్డింగు కోసం కాదు, మా అత్త ఒప్పుకుంది కాబట్టి.

స్లాబులు ఒక్కొక్కటీ పడ్డాయి. స్లాబు వేసిన రోజు మా అత్త కూలివాళ్లకు సండిగలు వేయించి పంపేది, "నా మెట్లు కడతాండారు" అని. మొదటి స్లాబుకు నీడ మా మెట్ల దాకా వచ్చింది. మూడో దానికి కాఫీ తాగేవేళ దాకా మా మిద్దె నీడలోనే ఉంది. ఐదోది పడ్డాక పొద్దుటి ఎండ మాకు లేదు. పడమటి కొసన ఉన్న ఇండ్లకు కొంచెం ముందు వచ్చేది గానీ, అప్పటికి మా మిద్దెల దారి కూడా తెగిపోయింది. శ్రీరంగప్పన్న పైన గదులు వేసి బాడిగకిచ్చాడు. ఆయన్ను చూసి ఇంకో ఇద్దరు వేశారు. ఆ ఇద్దరూ ఎత్తు వద్దని గొడవ చేసినవాళ్లే. సువార్తక్క బాల్కనీల చూపుకు భయపడి దొడ్డికీ, మిద్దెకూ కలిపి రేకులు కప్పించింది. మేం మిద్దె మీద పడుకోవడం మానేశాం. పైన లైట్లు వెలుగుతుంటే కాళ్లు చాపుకుని ఎట్లా పడుకుంటాం?

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ నీడను మా వీధి తిట్టుకోలేదు. మా ఊరి ఎండలో ఉచితంగా నీడ దొరికితే ఎవరు వద్దంటారు? పొద్దున్నే శ్రీరంగప్పన్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని బిల్డింగు నీడలో వేసుకునేవాడు. ఆయన పక్కన ఇంకొకాయన. నీడ జరిగే కొద్దీ కుర్చీలూ జరిగేవి. మా వంటిల్లు చల్లబడింది, దోసె పోస్తుంటే చెమట కారడం తగ్గింది. నాకూ హాయిగానే ఉండేది. ఆ మాట మా అత్తతో అంటే, "మీకు నీడ, నాకు ఎండ. బాగనే పంచినాడు ఆ పిల్లోడు" అని నవ్వింది.

ఎందుకంటే అప్పటికి ఆమె పైకి పోతోంది.

బిల్డింగు పూర్తయ్యాక జాకబన్నను వాచ్‌మన్‌గా పెట్టుకున్నారు. ఇండ్లింకా నిండలేదు. మొదటి రోజు ఉడికిన పిండి బేసిను పట్టుకుని మేమిద్దరం లిఫ్టు ముందు నిలబడ్డాం. జాకబన్న బటను నొక్కాడు. తలుపులు తెరుచుకున్నాయి. మా అత్త లోపలికి పోయి, కింద చతికిలబడి, బేసిను ఒళ్లో పెట్టుకుంది.

"అక్కా, ఇది నిలబడుకోని పోయేది," అన్నాడు జాకబన్న.

"నువ్వు నిలబడుకో. నాకు కింద నేల జరిగిపోతాంటే నిలబడే అలవాటు లేదు."

లిఫ్టు కదలగానే నా కాలు పట్టుకుంది. "చంద్రికా, పోతాండామా?" "పోతాండామత్తా." "పైకే గదా?" "పైకే."

లిఫ్టు దిగి ఇంకొక మెట్ల వరస ఎక్కి టెర్రస్ తలుపు తెరిస్తే, అబ్బా, ఆ ఎండ! అప్పుడే సూర్యుడు లేచాడు. గోడ లేదు, చెట్టు లేదు, నీడన్నదే లేదు. మా అత్త బేసిను కింద పెట్టి, నేల మీద అరచేయి ఆనించి చూసింది. అప్పటికే గోరువెచ్చగా ఉంది. నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ తిరిగింది. చెరువు మొత్తం కనపడుతోంది, సగం నీళ్లు, సగం పచ్చ. అవతల అనంతపురం ఇండ్లు తెల్లగా. రైలొకటి పురుగులా పాకుతోంది.

"ఇంత ఎండ ఈడ పెట్టుకోని ఇన్నేండ్లు ఎవరూ చెప్పలేదే మనకు," అంది.

"అప్పుడు ఈడ ఇది లేదు గదత్తా."

"ఎండ ఉన్నింది గదా. ఎక్కేదానికి లేదు, అంతే." తర్వాత వేలు పెట్టి చూపించింది. "అదో, ఆ గుట్ట ఎనక మా ఊరు."

నేను కండ్లు చికిలించి చూశాను. "యాడత్తా? కనపడలేదే."

"ఎనక అంటాండా గదా. ఎట్ల కనపడతాది?"

ఆ ఎండాకాలమంతా ఆమె అక్కడే. గొడుగు వేసుకుని, నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుని కాకులు తోలేది. నేను అన్నం తీసుకుపోయేదాన్ని. పైకి పోతే ఆమె వయసు తగ్గినట్టు ఉండేది. కింద ఎవరి ఇంటికి ఎవరొచ్చారో చెప్పేది. శ్రీరంగప్పన్న బట్టతల మీద ఎండ పడగానే పైనుంచి అరిచేది, "శ్రీరంగప్పా, కుర్చీ జరుపుకో!" ఆయన ఉలిక్కిపడి జరుపుకునేవాడు. వీధంతా నవ్వేది. ఆ ఏడు సండిగలు మల్లెపూల మాదిరి తెల్లగా వచ్చాయి. పెండ్లి ఇండ్లవాళ్లు ఏం కలిపారని అడిగితే మా ఆయన, "ఐదో అంతస్తు సరుకు సార్, గాలి కూడా ఫిల్టరు చేసింది" అనేవాడు. ఎత్తు బిల్డింగు వస్తే ముందుగా నష్టపోయేది మా అత్తే అని అందరూ అనుకున్నాం. మా వీధిలో దాన్ని అంత ఇష్టపడిన మనిషి ఇంకొకరు లేరు.

తర్వాతి ఎండాకాలానికి ఇండ్లన్నీ నిండాయి. ఉద్యోగాల వాళ్లు, బ్యాంకు వాళ్లు, పక్క ఊర్ల నుంచి పిల్లల చదువుల కోసం వచ్చినవాళ్లు. ఎదురుపడితే నవ్వేవాళ్లు. మా అత్త వాళ్లకు సండిగలు ఇచ్చింది కూడా. కానీ లిఫ్టులో పచ్చిమిరపకాయ, జీలకర్ర వాసన వస్తోందని ఒకరన్నారట. ఒకామె పట్టుచీరకు పిండి అంటిందట. కాకులు ఎక్కువయ్యాయట. పైన సోలార్ పలకలు పెట్టారు, వాటి వైర్లు పిల్లలు తొక్కుతారని భయం. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి. మా ముఖం మీద ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఒక పొద్దున బేసినుతో పైకి పోతే టెర్రస్ తలుపుకు తాళం.

జాకబన్న మెట్ల మీద తల గోక్కుంటూ నిలబడ్డాడు. "అక్కా, నాదేం లేదక్కా. రాత్రి మీటింగు పెట్టుకున్నారంట. తాళంచెవి ప్రసూనమ్మ దగ్గర ఉండాది."

ప్రసూన ఐదో అంతస్తులోనే ఉంటుంది. ఇంగ్లీషు మీడియం స్కూల్లో టీచరు. బిల్డింగు వాళ్ల సంఘానికి కార్యదర్శి. బడికి తయారవుతూ, తల తుడుచుకుంటూ వచ్చింది. మంచి మనిషి, ఇప్పటికీ ఆ మాటే అంటాను.

"అవ్వా, మీరు రావద్దని కాదు. తప్పుగా అనుకోవద్దు. టెర్రస్ ఎప్పుడూ తెరిచి ఉంటే పిల్లలతో భయం కదా. ముందు రోజు నన్ను ఒక మాట అడగండి, తాళం తీయిస్తాను."

"నిన్ను అడగాల్నా?"

"అవునవ్వా. ఫోన్ చేసినా చాలు."

"నువ్వు ఎవరిని అడుగుతావు?"

"నేను గ్రూపులో పెడతాను. ఎవరూ కాదనరు."

నా చేతుల్లో బేసిను వేడి తగ్గుతోంది. పిండి ఆరితే గట్టిపడుతుంది, గరిటె నుంచి జారదు. నేను మా అత్త ముఖం చూశాను. ఆమె మెట్ల కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"ఈపొద్దు ఎండ ఎట్లుంటాదో నాకు పొద్దున లేచినాక గదా తల్లీ తెలిసేది," అంది మెల్లగా. "ముందురోజే ఎట్ల అడిగేది?"

ప్రసూన లోపలికి పోయి తాళంచెవి తెచ్చింది. "సరే అవ్వా, ఈరోజుకు తీస్తాను."

"వద్దులే తల్లీ. పిండి గట్టిపడింది."

గట్టిపడలేదు. బేసిను పట్టుకున్నదాన్ని నేనే కదా. ఆమె వెనక్కి తిరిగింది. లిఫ్టులో దిగేటప్పుడు కూర్చోలేదు. గోడకు చేయి ఆనించి నిలబడింది. ఇంటికొచ్చాక ఆ పిండిని గిన్నెల్లో వేసి మజ్జిగ పోసి సువార్తక్కకూ, నీడలో కూర్చున్న కుర్చీలవాళ్లకూ పంచింది. వాళ్లు రుచిగా ఉందని తిన్నారు.

సాయంత్రం మా ఆయన ఊరుకోలేదు.

"అడిగితే ఏం పోతాదమ్మా? ఆమె ఇస్తాననే అంటాండాది గదా. నేను ఫోన్ చేస్తా."

"చేయద్దు."

"నీకు మొండి."

"ఆదెన్నా, కూచో." ఆమె గొంతు పెంచలేదు. "మీ నాయన పోయినప్పుడు బియ్యం అడిగినా. నీ పుస్తకాలకు అడిగినా. కూలి అడిగినా, కూలి పెంచమని అడిగినా. ఈ ఊర్లో నేను అడగని గడప లేదు. ఎండను ఒక్కదాన్నే ఎవరినీ అడగలేదు. అదొక్కటి ఉండనీరా."

మా ఆయన ఆటో కడగడానికి లేచిపోయాడు. ఆటో శుభ్రంగానే ఉంది.

మా మిద్దె మీదే ఆలస్యంగా వచ్చే ఎండలో పెట్టి చూసింది. మధ్యాహ్నానికి ఎర్రగాలి లేచింది. మరునాడు వలిస్తే సగం గుడ్డకే ఉండిపోయాయి, లేచినవాటి మీద దుమ్ము చారలు. వేయించి చూసి, ఒకటి కొరికి, గంపలో పోసింది. "ఇవి తిన్నోళ్లు నా పేరు చెప్తారు," అంది. ఆ మాటతో పని ఆగిపోయింది. పెండ్లి ఇండ్ల మనుషులు వస్తే, "నాకు ఎండ లేదు నాయనా" అని చెప్పి పంపేది. వాళ్లకు అర్థమయ్యేది కాదు. అనంతపురంలో ఎండ లేదనే మనిషిని వాళ్లు ఎన్నడూ చూసి ఉండరు.

పొద్దున్నే లేవడం మాత్రం మానలేదు. కళ్లాపి చల్లి అరుగు మీద కూర్చునేది. శ్రీరంగప్పన్న, "రా వదినా, నీడలోకి" అని కుర్చీ జరిపితే, "నేను నీడ మనిషిని కాదప్పా" అనేది. అయినా ఎక్కడ కూర్చున్నా అది నీడే.

వానాకాలంలో నిద్రలోనే పోయింది. ఎండ పోయినందుకే పోయిందని మా ఆయన అంటాడు. నేను అనను. వయసు అయింది, గుండె బలహీనమని డాక్టరు ముందే చెప్పాడు. బిల్డింగులో ఉన్నవాళ్లు చాలామంది దిగి వచ్చారు. ఉదయ్ కుమార్ కూడా వచ్చాడు, ఎవరు చెప్పారో. తాళం సంగతి అతనికి అప్పుడే తెలిసినట్టుంది. "ఫ్లాట్లు అమ్మినాక నా చేతుల్లో లేదక్కా" అని నాతో అన్నాడు. "తెలుసు లేప్పా" అన్నాను.

ఇప్పుడు మళ్లీ ఎండాకాలం. నిన్న సాయంత్రం ప్రసూన మా ఇంటికి వచ్చింది. గుప్పిట్లో కొత్త తాళంచెవి. నా చేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"ఇది మీదే చంద్రికా. ఎవరినీ అడగొద్దు. ఫోనూ వద్దు, గ్రూపూ వద్దు. మీటింగులో నేనే పట్టుబట్టి చేయించాను." నా వేళ్లు వదలకుండానే, "ఆరోజు అవ్వను అట్లా పంపించకుండా ఉండాల్సింది" అంది.

"మీరు పంపలేదమ్మా. ఆమే వచ్చేసింది."

"మా ఇంట్లో కూడా ఎండాకాలం వస్తే అమ్మ పెట్టేది. నాకు చేతకాదు. మీరు ఎల్లుండి పెడితే నేనూ వస్తాను, ఆదివారమే కదా. నేర్పించండి."

"చూద్దాం లేమ్మా," అన్నాను.

ఆమె పోయాక మా ఆయన, "పెట్టు చంద్రికా. అమ్మ పని నిలబడతాది" అన్నాడు. ఆయన కండ్లలో నీళ్లు చూసి నేను సరేనన్నాను. ఈ మధ్యాహ్నం బియ్యం చాటలో పోసుకుని రాళ్లు ఏరాను. ఏరుతుంటే ప్రసూన మాటలు తలుచుకున్నాను. ఆమె మనస్ఫూర్తిగానే ఇచ్చింది. ఆ ఎండ మంచి ఎండే. ఎప్పుడో ఒక ఏడు నేనూ పైకి పోతానేమో, ఆమెకు నేర్పిస్తానేమో. కానీ మా అత్త అడగనని వదిలేసిన దాన్ని, ఆమె పోయి ఏడాదైనా తిరగకముందే, ఆమె కోడలిగా ఒక తాళంచెవితో తెచ్చుకోవడం నాకు చేతకాలేదు.

పొద్దు గూకింది. రేపటికి పిండి కావాలంటే ఇప్పుడే నానబోయాలి. మా ఆయన ఆటో నిలిపి లోపలికి వచ్చాడు.

"నానబోసినావా?"

"లేదు."

"మర్సిపోయినావా?"

"మర్సిపోలేదు."

ఆయన చాటలోని బియ్యం వైపు చూసి, కాళ్లు కడుక్కోవడానికి దొడ్లోకి పోయాడు. నేను ఏరిన బియ్యం మళ్లీ డబ్బాలో పోసి మూత పెట్టాను.